అలియాబాద్ దాకా డీజిల్

ఆదాయపన్ను రిటర్ను వేయడానికి ఈ రోజే ఆఖరు తేదీ. పొద్దున్నే శామీర్‌పేట దుకాణాలకు బ్రెడ్డు వేసి, అదే ట్రాలీ ఆటోలో మేడ్చల్ వచ్చి, నా లెక్కలు చూసే యాదగిరి దగ్గర కూర్చున్నాను. డీజిల్ మొత్తం వ్యాపార ఖర్చు కిందే రాయమన్నాను. బీకాం చదివాను కదా, ఆ ధీమా.

అతను మీటరు లెక్క చూసి తలెత్తాడు.

"అన్నా, నీ గిరాకీ శామీర్‌పేట దాకనే గద. గిన్ని కిలోమీటర్లు ఎట్ల తిరిగినవే?"

"అలియాబాద్ దాకా వెళ్లొస్తాను."

"ఆడ నీకు దుకాణమేది?"

"లేదు. ఆ రోడ్డు బాగుంటుంది."

"ఏం రోడ్డే! మొత్తం తవ్విపెట్టిన్రు. నిన్న పోయొచ్చిన, నడుము ఇంకా గుంజుతాంది."

నాకు ఇంకో అబద్ధం తోచలేదు. నా భార్య అలియాబాద్ బడిలో టీచరు. రోజూ ఈ బండిలోనే దింపి వచ్చేవాణ్ణి. ఆమె పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ ఆ బడి గేటు దాకా వెళ్లి, బండి తిప్పుకుని వస్తున్నాను. అదే చెప్పాను.

యాదగిరి పెన్ను మూత తీశాడు.

"పోనీ అన్నా, ఆడ గూడ ఓ దుకాణం ఉన్నదని రాస్తనా?"

"వద్దు. సొంత తిరుగుడని తీసెయ్."

పన్ను తగ్గించుకుందామని వెళ్లి పెంచుకుని వచ్చిన బీకాం నేనొక్కణ్ణేనా? మీలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి.

రేపు ఉదయం శామీర్‌పేటలో బ్రెడ్డు వేశాక అలియాబాద్ వెళతాను, సొంత ఖర్చుతో.