సాలెం పెట్రోలు, మహబూబా బండి

లిబియా సరిహద్దుకు దగ్గర్లోని జర్జీస్ ఊరి చుట్టుపక్కల ఆలివ్ కాయలు గానుగకు తోలేవాళ్ళలో ఆడమనిషి మహబూబా ఒక్కతే. మొగుడు పోయాక అతని పికప్ బండిని అమ్మేయమని ఊరంతా చెప్పింది. ఆమె స్టీరింగు పట్టుకుంది. కూతుళ్ళిద్దరినీ ఆ పాత బండి మీదే పెంచింది.

ఆ ఏడు కాయ విరగకాసింది. సరిగ్గా అప్పుడే బండి మొండికేసింది. మిట్ట ఎక్కితే దగ్గు, కుదుపులు. ఆగి ఉన్నా ఒళ్ళంతా వణుకు. ఇంజను మధ్యమధ్య తడబడుతూ మిస్సింగ్ కొడుతోందని వింటేనే తెలుస్తోంది, ఎందుకో మాత్రం తెలియదు. గానుగ దగ్గర తన వంతు దాటిపోయిన రోజు మహబూబా ఆ కోపమంతా తీసుకెళ్ళి సాలెం మీద కుమ్మరించింది. సాలెం రోడ్డు పక్కన, సరిహద్దు దాటి వచ్చే లిబియా పెట్రోలు డబ్బాల్లో అమ్ముతాడు. నీళ్ళు కలిపి అమ్ముతున్నావని నలుగురి ముందూ అతన్ని కడిగిపారేసింది. ఆ తర్వాత అతని దగ్గర ఆగే బండ్లు తగ్గాయి.

ట్యాంకు ఖాళీ చేసి బంకులో నింపించింది. బండి తీరు మారలేదు. మరిది లారూసీ వచ్చి కార్బురేటర్లో చెత్త ఉందన్నాడు, విప్పి కడిగాడు. లాభం లేదు. కొత్త ప్లగ్గులు వేశాడు. ఊహూఁ. ఇక ఇంజను దింపాల్సిందేనన్నాడు. చుట్టూ చేరినవాళ్ళు తలో మాటా వేశారు. ఒకాయనైతే ఆడవాళ్ళు క్లచ్ తొక్కే తీరే అంత అన్నాడు. మహబూబాకు చిర్రెత్తుకొచ్చింది.

"అందరూ కాస్త నోళ్ళు మూస్తే ఇంజను ఏం చెప్తోందో వింటా. లారూసీ, స్టార్ట్ చేసి కూర్చో. నేను చెప్పేదాకా దేన్నీ ముట్టుకోకు."

పొడిగుడ్డ చేతికి చుట్టుకుని, ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూసి మళ్ళీ తగిలించింది. మొదటిది పీకగానే ఇంజను ఇంకా కుంగింది. రెండోదానికీ అంతే. మూడోది పీకితే చీమ కుట్టినట్టయినా లేదు. అయితే పడుకున్నది మూడో సిలిండరే. ఇంజను ఆపించి రెండో ప్లగ్గునీ మూడో ప్లగ్గునీ అటూ ఇటూ మార్చింది. మళ్ళీ స్టార్ట్ చేయిస్తే మూడోదే మూగగా ఉంది. ఆ రెంటి వైర్లూ మార్చింది. ఈసారి మూడోది పలికింది, రెండోది మూగబోయింది. అంటే జబ్బు వైరులో ఉంది. తిప్పి చూస్తే, పొగగొట్టానికి ఆనుకున్న వైపు రబ్బరు కాలి లోపలి తీగ కనబడుతోంది.

"వైరే అయ్యుంటుందని నాకు మొదట్నుంచీ అనుమానమే వదినా" అన్నాడు లారూసీ.

ఆమె చూసిన చూపుకి, కొత్త వైరు తేవడానికి అతను తనంతట తానే బయల్దేరాడు.

బండి బాగుపడింది. మహబూబా మనసే బాగాలేదు. గానుగకు పోయే దారిలో సాలెం దగ్గర ఆగింది. అక్కడ రెండు మూడు బండ్లున్నాయి.

"నీ పెట్రోల్లో నీళ్ళు లేవు సాలెం. తప్పు నా వైరుది, నా నోటిది."

"కాస్త గట్టిగా చెప్పక్కా. ఆ చివరి బండాయనకి వినబళ్ళేదు."

పళ్ళు నూరుకుంటూ, గొంతు పెంచి మళ్ళీ చెప్పింది. సాలెం తీరిగ్గా గరాటు తెచ్చి పెట్రోలు పోశాడు. టీ తాగనిదే కదలనివ్వనన్నాడు. తనకి అవతల పనుందని ఎంత చెప్పినా వినలేదు. ఆమె విసుక్కుంటూ బండి దిగి, అతను పరిచిన గోనెపట్టా మీద కూర్చుంది.