రేసుకుక్కల నోటికాడి కూడు

గోదావరిఖనిలో మధ్యాహ్నం రెండింటి బస్సెక్కాను. ఆడవాళ్లకు చార్జీ లేదు కదా, కండక్టర్ జీరో టికెట్ చేతిలో పెట్టాడు. పక్కన కూర్చున్న అవ్వ ఎక్కడికని అడిగింది. అడవిలో రేసుకుక్కలు గుంపుగా వేటాడటం చూడటానికన్నాను. ముక్కున వేలేసుకుంది.

"ఓ యవ్వో! మీ వాడకట్టు కుక్కలు సాల్తలేవా బిడ్డా?"

పిచ్చే, ఒప్పుకుంటాను. కానీ మా బావ ఫోన్లో ఊరించి చంపాడు. ఆయన బొగ్గుబాయిలో పనిచేస్తాడు. అక్కా ఆయనా జైపూర్ అవతల, అడవి అంచు పల్లెలో ఉంటారు. మంచిర్యాలలో బస్సు మారి, స్టాండులో చాయ్ తాగి, పొద్దుగూకేలోపు చేరాను.

రాత్రి అన్నంలోకి దుప్పి కూర. ఆ పొద్దున రేసుకుక్కలు పడగొట్టిన దుప్పి అట. అవి నోరు పెట్టకముందే ఊరివాళ్లు కట్టెలు పట్టుకుని, కేకలేస్తూ వెళ్లి తరిమేసి, మాంసం ఇంటింటికీ పంచుకుంటారట.

"ఫారెస్టోళ్లకు తెలిస్తే కేసే. గని తాతల కాలంనుంచి గింతే," అన్నాడు బావ.

రుచిగా ఉంది. సిగ్గులేకుండా మళ్లీ వేయించుకున్నాను.

తెల్లారి ఎనిమిదింటికి బావా నేనూ వాగు ఒడ్డున బండమీద కూర్చున్నాం. కింద పక్కింటి మల్లక్క మేకలు మేపుతోంది. ఎక్కడో సన్నగా ఈల వినిపించింది. పిట్ట అనుకున్నాను.

"పిట్ట గాదు, అవే. ఒకదాన్నొకటి పిలుసుకుంటున్నయి," అని లేచి నిలబడ్డాడు బావ.

ఎర్రటి కుక్కలు రెండు గడ్డిలోంచి వచ్చి మందను చెదరగొట్టాయి. విడిపడ్డ ఒక తల్లిమేక వాగువైపు పరుగెత్తింది. అటుపక్క మరికొన్ని ముందే కాచుకుని ఉన్నాయి. తరిమేవి అలసి తగ్గగానే పక్కనుంచి వేరేవి అందుకున్నాయి. మొరుగు లేదు, తమలో తమకు కొట్లాట లేదు. మేం అరుస్తూ దిగేలోపే అయిపోయింది.

మల్లక్క కట్టెతో ఉరికింది. కుక్కలు వెనక్కి తగ్గాయి గానీ పోలేదు. వాటి పక్కటెముకలు తేలి ఉన్నాయి. ఇంతలో మల్లక్క మొగుడు పొలంలో చల్లే గుళికల మందు తెచ్చాడు. చచ్చిన మేకమీద చల్లితే గుంపంతా తిని చస్తుందని. బావ అడ్డుపడ్డా వినలేదు.

"ఆగు," అంది మల్లక్క ఏడుస్తూనే. "నిన్న వాటి నోటికాడి కూడు గుంజుకొచ్చినవ్. నేనే వండిన, నువ్వే తిన్నవ్. ఆకలైతే ఇయ్యాల అవి రాక ఏం జేస్తయి?"

మందు సంచి లాక్కుని చంకలో పెట్టుకుంది. మేకను అక్కడే వదిలేసి మందను తోలుకుపోయింది.

మధ్యాహ్నం నేను బయల్దేరేసరికి మల్లక్క తన వాకిట్లో ఆ చచ్చిన మేక పిల్లలు రెండింటికీ సీసాతో పాలు పడుతోంది. అవి మూతి తిప్పుకుని ఒకటే అరుపు.

"కుక్కలను తిడ్దామంటే నోరు వస్తలేదు బిడ్డా," అంది. "తిట్టకుంటే కడుపుమంట సల్లారుతలేదు."

మీరెప్పుడైనా అటు వెళ్తే రేసుకుక్కల వేట చూడండి, ఎంత తీరుగా వేటాడతాయో. ఎవరైనా దుప్పి కూర పెడితే మాత్రం, సొంత అక్కయినా సరే, వద్దనండి. మంచిర్యాల దాకా బస్సులో నాకు ఆ మేకపిల్లల అరుపే వినిపించింది.