డ్రైవరు పక్క తలుపు పిడి

దగ్గరికి జరగండి. ఇంకొంచెం. నా గొంతు పెద్దది కాదు, ఇది అరిచి చెప్పే మాటా కాదు. మూడో క్లాసుతో బడి మానేసినదాన్ని, కల్పించి చెప్పడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టే చెప్తాను. ఇప్పుడే తాగిన ఈ నీళ్ళ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

అప్పట్లో మేము భిలాయిలో, రిసాలి అనే పేటలో ఉండేవాళ్ళం. డెబ్భైల చివర అనుకుంటాను. రెండు గదుల క్వార్టరు, వెనకాల కన్నాల జాలీ కట్టిన వరండా. మా ఆయన ఉక్కు ప్లాంటులో, మెషిన్ షాపులో టర్నరు, లేతు మీద ఇనుము చెక్కే పని. పెళ్ళయి మూడేళ్ళు, పిల్లలింకా లేరు. మాతో పాటు మా మావగారు.

మావగారు విజయనగరం దగ్గర ఒక జమీందారుగారింట్లో ముప్పై ఏళ్ళు కారు డ్రైవరు. పైకప్పు గుడ్డతో మడతపడే పాతకాలం కారది. "మా కారు" అనేవారు. జమీందారుగారి కారని ఒక్కనాడూ ఆయన నోట వినలేదు. జమీందారీ పోయింది, కారు పాత ఇనుములోకి పోయింది, ఆ వెనకే ఈయన కళ్ళూ పోయాయి. నీటికాసులన్నారు. ఇంక చూపు రాదన్నారు. మా ఆయన వెళ్ళి భిలాయి తీసుకొచ్చేశారు.

తెలియని ఊళ్ళో, చూపు లేని మనిషి ఏం చేస్తాడు? మంచం మీద కూచుని కుడికాలితో నేల నొక్కేవారు. ఎడంచేత్తో గాల్లో గేరు వేసేవారు. ఒక్కోసారి నిద్రలో కూడా... కాలు కదిలేది.

అది చూడలేక ఒకరోజు మా ఆయన అన్నారు, "నాన్నా, నీ కారు నేను చేస్తాను. చిన్నది. చేత్తో చూసుకుందువుగాని."

"ఈ వొయసులో నాకు బొమ్మ కారేటిరా?"

"బొమ్మ కాదు నాన్నా. అసలు దాంట్లో ఎనిమిదో వంతు, నీ ఒళ్ళో పడుతుంది. తలుపు తెరుచుకుంటాది, స్టీరింగు తిరుగుతాది. అన్నీ ఉంటాయి."

"అన్నీనా?" అన్నారు మావగారు. "అయితే సెయ్యి. ఒక్కటి తక్కువైనా నేనొప్పను."

ఫొటో లేదు, కాగితం లేదు. ఆయన చేతులే మాకు నక్షా. "మడ్‌గార్డు ఇంత" అని రెండు చేతులూ చాచేవారు, మా ఆయన ఆ చేతుల మధ్య టేపు పెట్టి కొలిచేవారు. "మీట ఇంత" అని రెండు వేళ్ళు చూపించేవారు, ఆ వేళ్ళ సందు కొలిచి ఎనిమిదితో భాగించేవారు. ప్లాంటు నుంచి రాగానే టీ తాగడం, వరండాలో కూచోవడం. రెండేళ్ళు అదే పని.

ఎన్నెన్ని చేశామో! ఒళ్ళంతా నూనె డబ్బా రేకు. సైకిలు బ్రేకు తీగని పాయలు పాయలుగా విప్పి చక్రాలకి పుల్లలు. ఒక్కో చక్రానికి నలభై. ఒక్క పుల్ల వదులైనా మావగారి వేలికి తెలిసిపోయేది. పైకప్పుకి పాత గొడుగు గుడ్డ. ముందు దీపాలకి నా రెండు ఇత్తడి కుంకం భరిణెలు. పుట్టింటివి! వాటి మీద పవర్ హౌస్ అనే పేట బజారులో గడియారాలు బాగుచేసేవాడి దగ్గర తెచ్చిన అద్దాలు. పెన్నులో సిరా పోసే గొట్టం రబ్బరు బుడ్డితో హారను... నొక్కితే "పీ" మనేది, పిల్లి పిల్లలాగ.

సీట్లు నావి. ప్లాంటులో చేతులకి తొడుక్కునే తోలు గ్లౌజులు పాతవి తెచ్చిచ్చారు. మెత్తగా అయ్యేదాకా కొబ్బరి నూనె రాసి, లోపల దూది కూరి, గాడి గాడిగా కుట్టాను. నా వేలు అలవాటైన వేలు, మల్లెమొగ్గలు కట్టిన వేలు. అందుకే ముందర డయళ్ళ మీద అంకెలు కూడా నన్నే రాయమన్నారు. శనగపప్పంత డయలు. కారులో ఏ అంకెలుంటాయో తెలియక గోడ గడియారం చూసి రాశాను. రాశాక మా ఆయన భూతద్దం పెట్టి చూసి పడీపడీ నవ్వారు.

"ఏటే ఇది? స్పీడు చూపించే డయలు మీద ఒకటి నుంచి పన్నెండా?"

మావగారు విని ఇంకా నవ్వారు. "ఉండనీరా, నా కోడలు రాసింది. పన్నెండు మైళ్ళ స్పీడైతే యాక్సిడెంటవ్వదు."

ప్రతి వస్తువూ అయ్యాక ఆయన చేతిలో పెట్టాలి. ప్లాంటులో ఇన్‌స్పెక్టరు పాస్ చెయ్యందే సరుకు గేటు దాటదు కదా, మా ఇంట్లోనూ అంతే. బొటనవేలితో తడిమి, గోటితో గీకి, "పాస్" అనేవారు. లేదా "రిజెట్".

అన్నీ పాసయ్యాయి. ఒక్కటి తప్ప. డ్రైవరు పక్క తలుపు పిడి.

చింతగింజంత ఇత్తడి పిడి. మొదటిది రిజెట్. రెండోది, మూడోది... ఐదోది కూడా రిజెట్.

"ఎక్కడ తేడా నాన్నా? లావా? సన్నమా?"

"అది సెప్పనేనురా. ఇది తలుపు పిడే. నా తలుపు పిడి కాదు."

"మరి నాకెలా తెలుస్తాది!" అని మా ఆయన ఆకురాయి విసిరేశారు. ఆ రోజు తండ్రీకొడుకులిద్దరూ అన్నం తినలేదు. ఐదో పిడినే తలుపుకి బిగించేసి ఊరుకున్నారు.

అది భాద్రపదం. వానలు. విశ్వకర్మ పూజ ముందు రోజు సాయంత్రం మావగారికి ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడిపోయాయి. అంబులెన్సులో ఎక్కించేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ఏ దేవుణ్ణీ తలచుకోలేదు. "అమ్మీ, ఆ పిడి అవనేదు," అన్నారు. అంతే.

పొద్దున్న మా ఆయన ఆస్పత్రి నుంచి వచ్చి గబగబా తలకి పోసుకున్నారు. పనిముట్లన్నీ కడిగి, వరండాలో పీట మీద పేర్చి, ఆకురాళ్ళన్నీ ఒక కట్టగా ఎర్రదారంతో కట్టి, బొట్లు పెట్టారు. మధ్యలో కారు, దానికో బంతిపూల దండ. "రేపు నేనొచ్చి దారం విప్పేదాకా వీటిని ముట్టుకోకు. డాక్టరు ఈ రాత్రి గడవాలన్నాడు," అని చెప్పి మళ్ళీ వెళ్ళిపోయారు.

నేనొక్కదాన్నే మిగిలాను. ఆ మాటే చెవిలో... పిడి అవనేదు, పిడి అవనేదు. మావగారు పోతే ఆ ఒక్కటీ అలాగే ఉండిపోతుంది కదా! మా ఊళ్ళల్లో ఆయుధపూజ దసరాకి చేస్తాం. విశ్వకర్మ పూజ ఇక్కడికొచ్చాక ప్లాంటు వాళ్ళని చూసి నేర్చుకున్నది. మనది కాని పండక్కి మనకి పట్టింపేంటి, ఒక్క ఆకురాయి లాగి నేనే ప్రయత్నిద్దునా అని... చెయ్యి చాచాను కూడా. ఇది మీ దగ్గర దాచను.

అప్పుడే పక్క క్వార్టరు సుకవారో దీదీ ప్రసాదం పట్టుకుని వచ్చింది. ఛత్తీస్‌గఢీ మనిషి, నా కంటే పదేళ్ళు పెద్దది.

"అరే బాప్ రే! మత్ ఛూ బహినీ, మత్ ఛూ!" అని, ముట్టుకోకంటూ నా చెయ్యి లాగేసింది. "ఈ రాత్రి ఈ పనిముట్లు, ఔజార్లు మనవి కావు. ఆయనవి."

"ఎవరివి దీదీ?"

"ఎవరి పూజ చేశారు? ఆయనవే." బూందీ నా చేతిలో పోసి, "తిని పడుకో. భయమేస్తే గోడ మీద కొట్టు, వస్తాను," అంది.

రాత్రి కరెంటు పోయింది. లాంతరు ఒత్తి తగ్గించి గుమ్మం దగ్గర పెట్టుకుని లోపలి గదిలో పడుకున్నాను. వరండా తలుపు వేసి ఉంది. వరండా నుంచి పెరట్లోకి వెళ్ళే జాలీ తలుపుకి లోపలి గడియ. నా చేత్తో నేనే వేశాను. బయట వాన వెలిసింది, చూరు నుంచి చుక్కలు... టప్... టప్... రాత్రి షిఫ్టు కూత అయింది. కునుకు పట్టింది.

ఎంతసేపో తెలియదు. మెలకువొచ్చింది.

కిర్... కిర్... కిర్...

ఎలకే అనుకున్నాను. ఎలక అవ్వాలి అనుకున్నాను. మళ్ళీ.

కిర్... కిర్... కిర్...

మూడుసార్లు. ఆగింది. ఆ తర్వాత... "ఫూ" మని ఊదిన చప్పుడు.

మీరు ఎప్పుడైనా ఆకురాయి పట్టారా? మూడుసార్లు రాసి, పొడి ఊదుతారు. మా ఆయన అలాగే చేస్తారు. ఎలక కొరుకుతుంది గానీ... ఎలక ఊదదు కదా!

గోడ మీద కొడదామంటే చెయ్యి లేవలేదు. "ఏటండీ... మీరేనా?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. వరండా తలుపు అవతల అంతా నిశ్శబ్దం.

మళ్ళీ ఒక్కసారి. నెమ్మదిగా. చివరి మెరుగు పెట్టినట్టు.

కిర్ర్ర్...

ఎలా లేచానో తెలియదు. లాంతరు పట్టుకున్నాను. తలుపు గొళ్ళెం తీశాను. తీసిన ఆ క్షణంలోనే అవతల ప్లాంటులో చిట్టెం ఒంపారు. మాకది రోజూ ఉండేదే... ఇనుము కరిగించగా తేలిన ఆ మండే మడ్డి ఒంపితే ఆకాశమంతా ఎర్రబారుతుంది. జాలీ కన్నాల్లోంచి వరండా నిండా ఎర్రటి చుక్కలు పడ్డాయి. నేల మీద, గోడ మీద, కారు మీద, నా చీర మీద.

ఎవరూ లేరు.

జాలీ తలుపు గడియ వేసినట్టే ఉంది. వాన నీళ్ళు చిమ్మి నేలంతా తడి. ఆ తడి మీద ఒక్క అడుగుజాడ లేదు. ఆకురాళ్ళ కట్ట కట్టినట్టే ఉంది. ఎర్రదారం, ముడి, ముడి మీద బొట్టు... చెదరలేదు.

ఎర్రదనం మెల్లగా తగ్గింది. అప్పుడు లాంతరు కిందకి దించాను.

కారు కింద పరిచిన కాగితం మీద, డ్రైవరు తలుపుకి సరిగ్గా కింద... చిటికెడు పొడి. పసుప్పచ్చగా, మెరుస్తూ. ఇత్తడి పొడి. పొద్దున్న ఆ కాగితం కొత్తది పరిచింది నేనే.

వేలు పెట్టి పిడి తడిమాను. పైవైపు, ఆవగింజంత మేర, చిన్న గుంట. నున్నగా. పొద్దున్న పూజకి తుడిచినప్పుడు అది గుండ్రంగానే ఉంది. ఉంది కదూ? ఉందనే అనుకుంటున్నాను.

తెల్లారేదాకా గుమ్మంలోనే కూచున్నాను. నాకొచ్చిన దేవుడి పేర్లన్నీ అయిపోయి, మళ్ళీ మొదట్నుంచి చెప్పుకున్నాను.

పొద్దున్నే మా ఆయన వచ్చారు. "నాన్న గట్టెక్కాడే. ఊపిరి కుదుటపడింది," అని ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. ఆ తర్వాత రాత్రి సంగతి చెప్పాను. ఆయన మొహం మారిపోయింది.

"నువ్వే ముట్టుకున్నావు."

"లేదండీ."

"వద్దని చెప్పి వెళ్ళానా లేదా! నాన్న అక్కడ చావుబతుకుల్లో ఉంటే..." అంటూనే కట్ట చేతిలోకి తీసుకుని ముడి చూశారు. ఆ ముడి ఆయనది. ప్లాంటులో బరువులకి వేసే ముడి, నాకు రాదు. చూసి చూసి కట్ట కింద పెట్టేశారు. తరవాత నా కుడిచెయ్యి తిప్పి చూశారు. బొటనవేలి మీద పసుప్పచ్చటి మరక.

"దీపం కుందులు తోమాను కదా నిన్న," అన్నాను.

"తోమావు కదా," అన్నారాయన. నన్ను అడిగారో, తనకి తను చెప్పుకున్నారో తెలియదు. ఆ మాట మళ్ళీ మా ఇద్దరి మధ్యా రాలేదు.

వారానికి మావగారు ఇంటికొచ్చారు. మంచం మీద కూచోబెట్టి కారు ఒళ్ళో పెట్టాం. ఆయన మిగతాదేదీ తడమలేదు. చెయ్యి నేరుగా తలుపు మీదకి పోయింది. బొటనవేలి కొస ఆ గుంట మీద కూచుంది... కూచుని ఆగింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ముప్పై ఏళ్ళు," అన్నారు మావగారు. "ముప్పై ఏళ్ళు ఇక్కడే నొక్కేనురా ఈ ఏలితో. ఇత్తడి అరిగిపోనాది. నాకే గ్యాపకం నేదు. ఏలికి గ్యాపకం ఉన్నాది." వేలు తియ్యకుండానే, "పాస్," అన్నారు.

"ఎవుడు సేసేడ్రా ఇది?"

మా ఆయన నా వంక చూశారు. "నేనే నాన్నా."

"నీ సెయ్యి కాదు," అన్నారు మావగారు. కోపం లేదు ఆ గొంతులో. నా వైపు మొహం తిప్పారు. చూపు లేని ఆ కళ్ళు నా మీదే ఆగాయి. ఏమడుగుతారో అనుకున్నాను. ఏమీ అడగలేదు.

తరవాతెప్పుడో నేనే ధైర్యం చేసి అడిగాను. "ఆ రాత్రి ఆస్పత్రిలో మీకేమైనా కలొచ్చిందా మావయ్యా?" నవ్వేశారు. "కలేటమ్మా, సూది మందు పొడిసేరు. సచ్చినోడిలాగ తొంగున్నాను."

ఇంకో రెండు చలికాలాలు బతికారు. రోజూ సాయంత్రం ఆ తలుపు తెరిచి, మూసి, అప్పుడే అన్నానికి లేచేవారు.

ఎన్నోసార్లు ఆలోచించాను. నిద్రలో లేచి నేనే చేశానా? దారం విప్పకుండా కట్టలోంచి ఆకురాయి ఎలా వస్తుంది? సుకవారో దీదీ చెప్పిన ఆయనా? మంచం మీద మత్తుగా పడుకున్న ముసలాయనా? లేక ఐదో పిడికి ఆ గుంట ముందే ఉండి, మాకెవరికీ తెలియలేదా? అలాగైతే ఆ పొడి ఎక్కడిది... ఆ ఊదినదెవరు... నాకు తెలియదు. ఇన్నేళ్ళయినా తెలియదు.

ఇంక లేవండి, పొద్దుపోయింది. మీ ఇంట ముసలివాళ్ళు కడుపునిండా తిని కంటినిండా నిద్రపోవాలి. మీ పిల్లల చేతులు మంచి పని నేర్వాలి. మీ గడపలో ఎవరి కోరికా సగంలో ఆగిపోకూడదు. చల్లగా ఉండండి.