పోర్చుగల్‌లో నాలుగో కుర్చీ

క్లాసులో దయ్యాల కథలు చెప్పే పిల్లల్ని లేపి నిలబెట్టి, "నీ కంటితో నువ్వు చూసినావా?" అని నోరు మూయించే టీచర్ని నేను. హిందూపురంలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్తాను. పిల్లి ఎదురొచ్చినా ఆగను, ఎవరు తుమ్మినా ఆగను. ఇది చదివి టీచరమ్మకు మతి పోయిందనుకుంటే అనుకోండి, నాకేం పోదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం. పెద్దది సరోజక్క, ధర్మవరంలో మగ్గాలున్న ఇంటి కోడలు. పట్టుచీర తనే నేస్తుంది, తనే అమ్ముతుంది. నడిపిదాన్ని నేను. చిన్నది పద్మ, పెనుకొండలో మా అవ్వతో ఉంటుంది. పద్మ మొగుడు రమేషు ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పోయినేడు గుండె ఆగి పోయాడు. చచ్చే వయసా అది!

రమేషుకు పోర్చుగల్ పిచ్చి. ఎందుకు పట్టిందో దేవుడికే తెలియాలి. అన్నం తింటూ కూడా ఫోన్లో ఆ దేశం వీడియోలే చూసేవాడు. పసుప్పచ్చ ట్రాములు, ద్రాక్షతోటలు, సముద్రం మీదికి వంగిన కొండలు. ఎప్పటికైనా పోవల్ల అనేవాడు.

అతను పోయినప్పుడు పద్మ ఏడవలేదు. మాట తగ్గించేసింది, తిండి తగ్గించేసింది. ఉన్నట్టుండి ఒకరోజు, "ఆయన చూడాలనుకున్నవన్నీ చూసొస్తా" అంది. ఆ 'వస్తా' అనే మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. అది తిరిగి రావడానికి పోవడం లేదని నా మనసుకు తోచింది. అందుకే ఎండాకాలం సెలవుల్లో నేనూ అక్కా దాని వెంట బయల్దేరాం. మూడు వారాల ప్రయాణం. ఊళ్ళు చూడ్డం, ఫోటోలు దిగడం నాకక్కర్లేదు. చెల్లెల్ని ప్రాణంతో ఇంటికి తెచ్చుకోవాలి, అదొక్కటే నా పని.

బయల్దేరే రోజు అవ్వ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "ముగ్గురు పోగూడదే. నాలుగో మనిషి ఉండల్ల."

మా వైపు ఇది మామూలే. ముగ్గురు కలిసి పోవాల్సి వస్తే సంచీలో ఒక రాయి వేసుకుంటారు. ఆ రాయే నాలుగో మనిషి. విమానంలో రాయేందవ్వా, నవ్వుతారు అంటే వింటేనా! వాకిట్లోకి పోయి అరచెయ్యంత పలకరాయి తెచ్చింది. కడిగి, పసుపు పూసి నా చేతిసంచీలో కుక్కింది.

బెంగళూరు విమానాశ్రయంలో అది కాస్తా దొరికిపోయింది. తనిఖీ చేసే అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. హిందూపురం వాళ్ళకు కన్నడం కష్టమా, సంగతంతా కన్నడంలో చెప్పాను. ఆమె నవ్వింది. వాళ్ళ అజ్జి కూడా ఇట్లాగే చేస్తుందంట. అయినా రాయి లోపలికి పోదంటూ పక్కనున్న డబ్బాలో పడేసింది. ఠంగుమని చప్పుడయింది.

అక్క మొహం మాడిపోయింది. "నాలుగో మనిషి ఈడనే నిలిచిపోయెనే!"

నేను పగలబడి నవ్వాను. పద్మ నవ్వలేదు.

లిస్బన్‌లో మొదటిరోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. హోటలు కుర్రాడు నాలుగు ప్లేట్లు పెట్టాడు. ఒకటి తీసేయమని చేత్తో చూపించాను. తీసేశాడు. మళ్ళీ నీళ్ళు తెచ్చినప్పుడు నాలుగు గ్లాసులు తెచ్చి, ఖాళీ కుర్చీ ముందు కూడా ఒకటి పెట్టి పోయాడు. బల్లకు నాలుగు కుర్చీలున్నాయి కాబట్టి అలవాటుగా పెట్టాడనుకున్నాను.

పోర్తోలో ఇల్లు అద్దెకిచ్చినామె నాలుగు తువ్వాళ్ళు మడిచి పెట్టింది. రైల్లో టికెట్లు చూసే ఆయన మా మూడూ చూసి, ఇంకోదాని కోసం చెయ్యి చాచే ఉంచాడు. నేను విసుక్కున్నాను. అక్క మాత్రం నా వైపు అదోరకంగా చూసింది. "చూడొద్దట్లా" అని కసిరాను.

అసలు నాకు కుదురు లేదు. పద్మ ఎక్కడ అంచు ఉంటే అక్కడికే పోయేది. పోర్తోలో ఎత్తైన వంతెన కమ్మీ పట్టుకుని నదిలోకి వంగి చూస్తుంటే జబ్బ పట్టి వెనక్కి లాగాను. స్టేషన్లో గీత దాటి నిలబడేది. బాత్రూముకు పోయినా తలుపు బయట కాపలా కాసేదాన్ని. ఒకచోట కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. ఇన్ని వేల మైళ్ళు వచ్చి నేను చూసిందల్లా మా చెల్లెలి వీపు.

తర్వాత దక్షిణాన పల్లెల్లోకి పోయాం. అక్కడ సీసా బిరడాలు చేసే బెండు చెట్లుంటాయి. మొదలు పట్ట ఒలిచేస్తే ఎర్రగా పుండులా కనిపిస్తుంది. నేల మాత్రం అచ్చం మన నల్లమాడ వైపు చేన్లలాగే ఎండిపోయి ఉంది. ఒక ముసలామె ఇంట్లో దిగాం. ఆమె నాలుగు గిన్నెల్లో చారు పోసి, నాలుగో గిన్నె మీద పళ్ళెం మూత పెట్టింది, ఆలస్యంగా వచ్చేవాళ్ళకు పెట్టినట్టు. నేను మూడు వేళ్ళు చూపించాను. ఆమె సరేసరేనని తలూపి, కిటికీలోంచి బయట చెట్ల వైపు చూపించింది. ఆ నీడలో ఎవరూ లేరు.

అప్పుడు మాత్రం నేను లేచి పోయి తలుపు గడియ పెట్టొచ్చాను. నిజం చెప్పాలి కదా.

ఆఖరి వారం సముద్రం పక్క పల్లెకు చేరాం. కొండ అంచునే కాలిబాట ఉంది, కింద అలలు బండల్ని బాదుతున్నాయి. బాట మొదట్లో గొలుసు దగ్గర కాపలా ఉండే పెద్దాయన నాలుగు వేళ్ళెత్తి మమ్మల్ని లెక్కపెట్టి లోపలికి పంపాడు. అప్పటికే విసిగిపోయి నేను దిద్దడం మానేశాను.

పద్మ ముందు నడుస్తోంది. అక్క చెప్పు తెగింది. దాన్ని సరిచేస్తూ నేను వంగి లేచేసరికి సముద్రం మీదినుంచి పొగమంచు కమ్మేసింది. పట్టపగలు, మన చెయ్యి మనకు కనపడలేదు. పద్మను పిలిచాను. జవాబు లేదు. గొంతు పోయేదాకా అరిచాను. అలల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ఇద్దరం తడుముకుంటూ గొలుసు దగ్గరికొచ్చి పడ్డాం. చెల్లెలు లోపలే ఉందని ఏడుస్తూ చెప్పాను. పెద్దాయన నా భుజం తట్టి, ఫోన్లో తన భాషలో ఏదో చెప్పి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చూపించాడు. 'కంగారు పడకండి. మంచు కమ్మే ముందు చూశాను. ఇద్దరూ కలిసే ఉన్నారు.'

ఒక్కతేనని వేలెత్తి చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపి రెండు వేళ్ళెత్తాడు.

కొంతసేపటికి మంచులోంచి పద్మ వచ్చింది. ఒక్కతే. నేను దాన్ని పట్టుకుని ముందు రెండు తగిలించాను, తర్వాత వాటేసుకున్నాను. పెద్దాయన మమ్మల్ని చూడ్డం లేదు. దాని వెనకాల బాట వైపే చూస్తున్నాడు. ఈల ఊదాడు. కేకలేశాడు. చివరికి తనే లోపలికి పోయాడు. తర్వాత ఇంకో ఇద్దరొచ్చారు. మంచు విడిచేదాకా వెతికారు. మేం మూడు పాస్‌పోర్టులు తీసి చూపించినా ఆయన నమ్మలేదు. మనిషిని వదిలేసి పోతున్నారే అన్నట్టు చూశాడు.

బస చేరాక పద్మ నోరు విప్పింది. "కొండ కొసకే పోతాంటినే అక్కా. ఇంక రాగూడదనే పోతాంటి. ముందర ఎవురో నడస్తాండ్రి. చెప్పుల చప్పుడు ఇనపడతా ఉండె. ఆ చప్పుడు వెనక్కి తిరిగె. దాని ఎంట నేనూ తిరిగినా."

అప్పుడు ఏడ్చింది. రమేషు పోయిన తర్వాత ఏడవడం అదే మొదలు. ఏడ్చి ఏడ్చి, ఆకలి అంది. అక్క ధర్మవరంనుంచి మోసుకొచ్చిన చెనిక్కాయల పొడి రొట్టెకు అద్దుకుని తింటుంటే నేనూ అక్కా చూస్తూ కూర్చున్నాం.

ఆ తర్వాత తిరిగినన్నాళ్ళూ మాకు మూడే ప్లేట్లు పెట్టారు.

ఊరికొచ్చాక పద్మ రొద్దంలో ఒక స్కూల్లో పనికి కుదిరింది. మొదటిరోజు దాన్ని పంపిద్దామని నేనూ అక్కా పెనుకొండ పోయాం. పద్మ రమేషు బండి మీది పట్టా తీసి, తుడిచి, వాకిట్లో నిలబెట్టబోయింది. స్టాండు మట్టిలో దిగబడి బండి ఒరిగిపోయింది. పద్మ వంగి చుట్టూ వెతికింది.

"ఈడ పలకరాయి ఉండల్ల గదా. స్టాండు దిగబడకుండా ఆయన పెట్టుకునింది. యాడ పోయిందవ్వా?"

అవ్వ అరుగు మీద కూర్చుని చింతకాయలు కొడుతూ తలెత్తకుండానే చెప్పింది. "అదే గదే మీ సంచీలో పెట్టిస్తి. తెచ్చినారా లేదా?"

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పద్మ ఒరిగిన బండిని పైకెత్తి పట్టుకుంది.

"తేలేదవ్వా" అంది. "ఆడనే ఉండాది, పోర్చుగల్‌లో."

ఆ రాయి బెంగళూరు దాటలేదు. డబ్బాలో పడడం నా కంటితో నేను చూశాను, ఠంగుమన్న చప్పుడు నా చెవులతో విన్నాను. మరి మాతో ఎవరొచ్చినట్టు, ఎట్లా వచ్చినట్టు? పద్మ మాటను మాత్రం నేను దిద్దలేదు. అది బండి స్టార్టు చేసి, సాయంత్రం వస్తానని చెప్పి పోయింది. ఈసారి ఆ మాట నమ్మాను.