శ్మశానం వీధి పేరు మార్చిన సంగతి

మా మరదలు వండే వంజరం పులుసు తిని బాగాలేదన్నవాళ్లు అనకాపల్లిలో ఎవరైనా ఉంటే చెప్పండి, నేనే వాళ్లింటికి వెళ్లి మాట్లాడతాను. మరదలంటే మా తమ్ముడి భార్య. సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. కింది వాటాలో వాళ్లుంటారు, పై వాటాలో నేను. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక నాకు తీరిక ఎక్కువైంది. పిల్లలు హాస్టళ్లకు వెళ్లిపోయాక ఆమెకు వంట తక్కువైంది. దాంతో ఇద్దరం కలిసి చేపల పులుసు, రొయ్యల వేపుడు ఫోను ఆర్డర్ల మీద పంపడం మొదలుపెట్టాం. వండేది ఆమె. డబ్బాలకు మూతలు బిగించి, ఫోనెత్తి మర్యాదగా మాట్లాడేది నేను.

మొట్టమొదటి ఆర్డరు సబ్బవరం నుంచి వచ్చింది. పులుసు కట్టి సిద్ధంగా పెట్టాం. తీసుకెళ్లాల్సిన మనిషి ఎంతకీ రాడు. చివరికి అతనే ఫోన్ చేశాడు.

“అమ్మా, మీరు పెట్టిన లొకేషన్ నొక్కితే శ్మశానం వీధని వత్తంది. తప్పు నొక్కేనా?”

“తప్పేం లేదు బాబూ, అదే మా వీధి. వచ్చేయండి.”

“పులుసు అక్కడేటమ్మా?” అన్నాడు.

ఒకప్పుడు మా వీధి నిజంగానే శారదా నది ఒడ్డున ఉన్న శ్మశానానికి దారి. ఆ శ్మశానం అక్కడి నుంచి ఎప్పుడో వేరే చోటికి మారిపోయింది. ఇళ్లు వచ్చాయి, కొళాయిలు వచ్చాయి, వీధి మొదట్లో ‘శారదా నగర్ రెండో వీధి’ అని నీలం బోర్డు వచ్చింది. కరెంటు బిల్లు మీద కూడా ఆ పేరే. మారనిది ఫోనులో మ్యాపు ఒక్కటే.

ఆ పులుసు ఎలాగో సబ్బవరం చేరింది. రెండో ఆర్డరు మాత్రం చేరలేదు. అది కూడా సబ్బవరమే. అడిగినావిడ తనే ఫోన్ చేసి, గొంతు తగ్గించి చెప్పింది: “మీ పులుసు బాగుంటాదని విన్నానండి. కానీ మా అత్తగారు ఫోన్లో మీ వీధి పేరు చూసేరండి. శ్మశానం కాడ వండిన కూర ఇంట్లోకి తేవొద్దంటన్నారండి.”

ఈ మాట చెప్పగానే మరదలు గరిటె కింద పెట్టేసింది. “మరి పులుసులో సేప బతికుంటాదేటి ఒదినా? అదీ సచ్చిందే కదా!” అంది. నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. “నవ్వుతావేటి? చదువుకున్నావు కదా, ఆ పేరు మార్చీ.”

ఆ మధ్యాహ్నం ఇద్దరం ఫోను పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాం. మ్యాపులో మా వీధిని వేళ్లతో సాగదీసి పెద్దది చేశాను. నొక్కకూడని చోటల్లా నొక్కాను. ఒకసారి మేం ఒడిశాలో తేలాం. తిరిగి అనకాపల్లి వచ్చి ఇంకెక్కడో నొక్కితే ‘సవరణ సూచించండి’ అన్న మాట కనిపించింది. ఏళ్ల తరబడి పిల్లల వ్యాసాలు దిద్దినదాన్ని నేను. లోకమంతా వరసలో నిలబడి, పుస్తకం తెరిచి, ‘టీచర్, దిద్దండి’ అన్నట్టు అనిపించింది. కొత్త పేరు రాసి పంపించాను. కాసేపటికి జవాబు వచ్చింది. ఆధారం కావాలట, ఫొటో ఉంటే మంచిదట.

ఆధారానికేం, బోర్డు ఉందిగా అనుకుని వీధి మొదట్లోకి వెళ్లాం. బోర్డు మీద ఎవరో చిన్నవాడి మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది. వాడు కిరీటం పెట్టుకుని సింహాసనం మీద కూర్చున్నాడు. మా వీధి పేరు వాడి కిరీటం వెనక ఎక్కడో ఉంది. మరదలు తాడు ముడి విప్పుతుండగా లుంగీ పైకి కట్టుకుంటూ ఒకాయన పరుగెత్తుకొచ్చాడు.

“ఏటమ్మా, మా మనవడి ఫ్లెక్సీ పీకేత్తన్నారేటి?”

“పీకడం లేదన్నయ్యా, కాసేపు పైకెత్తుతాం. మన వీధి పేరు ఫోన్లో మార్పించాలి.”

“ఇప్పుడేటని ఉంది?”

“శ్మశానం వీధని.”

“ఓలమ్మా! మావోడి ఫంక్షనుకి సగం మంది రానిది అందుకన్నమాట! ఉండండి, నానెత్తి అట్టుకుంటాను.”

అని ఫ్లెక్సీని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, బోర్డు పక్కనే నిలబడిపోయాడు. కాస్త పక్కకు తప్పుకోమంటే వినలేదు. ఫొటోలో తనూ ఉండాలన్నాడు. మేం పంపిన ఆధారంలో నీలం బోర్డు, దాని పక్కన ఆయన నవ్వు, ఆయన నెత్తి మీద తలకిందులుగా మనవడు ఉన్నారు.

అయినా ఒప్పుకున్నారు. ఒక పొద్దున ‘మీ సవరణ ప్రచురితమైంది, ధన్యవాదాలు’ అని వచ్చింది. పెరట్లో చేపలు కడుగుతున్న మరదలికి చదివి వినిపిస్తే, కేక పెట్టి ఆ చేతులతోనే నన్ను వాటేసుకుంది. నా చీర నిండా పొలుసులు. ఇద్దరం గెంతుతున్న చప్పుడుకి మా తమ్ముడు సబ్బు నురగతో బయటికొచ్చాడు.

“ఏటైంది? లాటరీ తగిలిందా?”

“శ్మశానం నుంచి బయటపడ్డాం రా!” అన్నాను.

వాడు మా ఇద్దరి వంకా చూసి మళ్లీ లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఇక మమ్మల్ని ఆపేవాళ్లు లేకపోయారు. సాయంత్రమైతే చాలు, మరదలు స్కూటీ తీసేది, నేను ఫోను పట్టుకుని వెనక కూర్చునేదాన్ని. ఊళ్లో ఏది మారిందో, మ్యాపులో ఏది మారలేదో వెతుక్కుంటూ తిరిగేవాళ్లం. కశింకోట దారిలో మ్యాపు రైసు మిల్లు అన్నచోట ఇంగ్లీషు మీడియం బడి ఉంది. దిద్దాం. మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూటు పేరు మీద ఒక ఫ్యాన్సీ షాపు నడుస్తోంది. దిద్దాం. మ్యాపులో ఇంకా సినిమా హాలుగా ఉన్నది కల్యాణ మండపమై చాలా కాలమైంది. అక్కడి వాచ్‌మన్‌ని ఆగి అడిగాం, పేరు మారిస్తే మీకేమైనా అభ్యంతరమా అని.

“మార్సండమ్మా, పున్నెముంటాది. ఇప్పటికీ ఫోన్లు సేత్తన్నారు, ఏ ఆట ఆడతందని.”

“మీరేం చెప్తారు?”

“పెళ్లి ఆడతంది, ఫస్టు షో అయిపోనాది, బోజనాల కాడికొచ్చీండని సెప్తాను.”

మరదలు అంతగా నవ్వడం చూసి నాకు భయమేసింది. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా బండి నేనే నడిపాను. నాకు సరిగా రాదు. దారిపొడుగునా వెనక నుంచి “బోజనాల కాడికొచ్చీండి” అంటూనే ఉంది.

ఇంత సంబరంలో ఉండగా డెలివరీ మనిషి మళ్లీ ఫోన్ చేశాడు. “అమ్మా, మళ్లీ శ్మశానమయిపోనాదమ్మా!”

చూస్తే నిజమే. మా వీధికి పాత పేరే తిరిగి వచ్చింది. ఏదో పొరపాటనుకుని మళ్లీ దిద్దాను. కొన్నాళ్లకు శారదా నగర్ అయింది. ఇంకొన్నాళ్లకు మళ్లీ శ్మశానం. ఎవరో కావాలనే మారుస్తున్నారని అర్థమయ్యాక మరదలు చీర కొంగు బిగించింది. “ఎవడొదినా ఈడు? కనిపిత్తే సేపని తోమినట్టు తోమేత్తాను.”

మనిషి కనిపించలేదు గాని, అతను పెట్టిన ఫొటో ఒకటి మ్యాపులో కనిపించింది. అతన్నీ ఆధారం అడిగి ఉంటారు. ‘శ్మశానమునకు దారి’ అని చెక్కిన పాత రాయి ఫొటో అది. నేను అక్షరాలు చూస్తున్నాను, దీర్ఘాలు సరిగా ఉన్నాయా లేదా అని. మరదలు మూల చూసింది.

“ఒదినా, ఆ కుండలు సూడు.”

ఫొటో అంచున కొత్త కుండల దొంతర ఉంది. మా వీధిలో కుండలు అమ్మే కొట్టు ఒకటే. నది వైపు చివర ఉంటుంది. చావు సామాన్ల కొట్టు. కుండలు, వెదురు కర్రలు, తెల్లబట్ట, గంధం చెక్కలు ఒక పక్క. చర్చికి వెళ్లేవాళ్ల కోసం చెక్క పెట్టెలు, సిలువలు ఇంకో పక్క. కొట్టాయన మా వయసువాడే. పొడుగు మనిషి, మాట పొట్టి. ఇన్నేళ్లలో మేం ఒకరినొకరు చూసి తల ఊపడమే గాని మాట్లాడుకున్నది లేదు. అలాంటి కొట్టాయనతో ఊరికే మాటలేం కలుపుతాం?

నడిచి వెళ్లే దూరమే అయినా స్కూటీ మీదే వెళ్లాం, దర్జాగా ఉంటుందని.

“బావగారూ, ఫోన్లో మన వీధి పేరు మార్చింది మీరేనా?” మరదలు బండి దిగకుండానే అడిగింది.

ఆయన తొణకలేదు. “నానే. ఎవరో మార్సేరు, నాను తిరిగి మార్సేను. ఆళ్లు మళ్లీ మార్సేరు, నానూ మళ్లీ మార్సేను. ఎవడబ్బా ఈ మొండోడు అనుకుంటన్నాను.” మా ఇద్దరినీ చూశాడు. “మీరా?”

“మేమే,” అన్నాను.

“టీచరమ్మా, నా కొట్టుకి బోర్డు నేదు. ఎప్పుడూ అక్కర్లేపోనాది. శ్మశానం వీధి చివర అంటే సాలు, ఏ ఊరోళ్లయినా వచ్చీవోరు. మొన్న కశింకోట నుంచి ఒకడొచ్చేడు. తల్లి పోనాది. ఫోనట్టుకుని ఎండన ఊరంతా తిరిగేడంట. అలాటి వీధే నేదంతందంట ఫోను. ఇక్కడికొచ్చి ఆ మెట్టు మీద కూకుని ఏడిసేడు. అందుకు మార్సేను.”

తోమేస్తానన్న మనిషి బండి దిగి, స్టాండు వేసి, కొంగు వదులు చేసుకుంది. ఎండలో ఆ కొడుకు తిరగడం తలుచుకుంటే తప్పు నాదే అనిపించింది. అలాగని శ్మశానం వీధిలో పులుసు ఎలా అమ్మడం?

కూర్చోమని ఆయన ఒక పెట్టె చూపించాడు. కొత్త పెట్టె, ఇంకా వార్నిషు వాసన వస్తోంది. మరదలు ఏమాత్రం ఆలోచించకుండా కూర్చుంది. నేను నిలబడ్డాను.

కూర్చున్న మరదలే దారి చెప్పింది. “ఒదినా, వీధి పేరు గురించి కొట్లాటెందుకు? ఈయన కొట్టునే మ్యాపులో పెట్టేద్దాం. కావాల్సినోళ్లు కొట్టునే ఎతుక్కుంటారు కదా.”

“అలగ పెట్టచ్చా?” అన్నాడాయన.

“పెట్టచ్చు. కొట్టు పేరేంటన్నయ్యా?” నేను అప్పటికే ఫోను తీశాను.

“పేరేటమ్మా? ఎవరైనా పేరెట్టి పిలిసీ కొట్టా ఇది?”

శ్రీ అని మొదలుపెడదామంటే పెట్టెలు కొనేవాళ్లకు కుదరదన్నాడు. ‘శుభమస్తు’ అంది మరదలు, అని తనే నోరు మూసుకుంది. చివరికి ‘అంతిమయాత్ర సామాన్లు’ అని ఉన్నదున్నట్టు రాశాను. ఆ తర్వాత ఫోను వరసగా ప్రశ్నలు మొదలుపెట్టింది. నేను టీచరు గొంతుతో చదవడం, ఆయన బుద్ధిగా జవాబివ్వడం.

“ఏ వేళల్లో తెరిచి ఉంటుంది?”

“సావుకి వేళేటమ్మా? తలుపు కొడితే లేత్తాను.”

“బండి నిలుపుకునే చోటుందా?”

“ఉంది. లారీ అయినా పడతాది.”

“ఇంటికి తెచ్చి ఇస్తారా?”

“ఇత్తాం.”

“ముందుగా బుక్ చేసుకోవాలా?”

ఆయన గడ్డం గోక్కున్నాడు. “సేసుకుంటామని ఇద్దరు ముసిలోళ్లొచ్చేరు గానీ, తొందరేటని నానే పంపించేసేను.”

మరదలి భుజాలు కదలడం మొదలైంది. నేను ఆమె వంక చూడకుండా తర్వాతది చదివాను: “ఇక్కడే కూర్చుని తినే వీలుందా?”

అంతే. మరదలు పెట్టె మీద అలాగే వెనక్కి పడిపోయింది. కాళ్లు గాల్లో కొట్టుకుంటున్నాయి. నేను వెదురు కర్రల కట్ట పట్టుకుని నవ్వుతుంటే కట్ట జారి కర్రలన్నీ వీధిలోకి దొర్లాయి. అంతవరకు గంభీరంగా ఉన్న ఆ మనిషి ముఖం ముందు మీసం దగ్గర కదిలింది, తర్వాత మొత్తం విడిపోయింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, “ఇక్కడ నవ్వకూడదమ్మా, ఎవరైనా వత్తారు,” అంటాడు, మళ్లీ నవ్వుతాడు. దారిన పోయే ఆటో ఒకటి వేగం తగ్గించి, మమ్మల్ని చూసి, ఇంకా వేగంగా వెళ్లిపోయింది.

కొట్టు మ్యాపులోకి ఎక్కింది. వీధి పేరు శారదా నగర్‌గా నిలబడింది, మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. కశింకోట అతను కర్మకాండ అంతా అయ్యాక కొట్టు పేజీ వెతికి నాలుగు మాటలు రాశాడు: ‘ఏడుస్తుంటే మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టారు. అన్నీ దగ్గరుండి సర్ది పంపారు.’ ఐదు నక్షత్రాలు ఇచ్చాడు. కొట్టాయన దాన్ని చూపించడానికి మా ఇంటి దాకా వచ్చి, నా చేత పైకి రెండుసార్లు చదివించుకున్నాడు. మా పులుసుకు ఎన్ని వచ్చాయని అడిగాడు. నాలుగున్నర. మరదలు ఆ పూటంతా నాతో సరిగా మాట్లాడలేదు, అరనక్షత్రం నేనే ఎక్కడో పారేసినట్టు.

సబ్బవరం ఆవిడ మళ్లీ ఆర్డరు పెట్టింది. ఈసారి అత్తగారే ఫోన్ అందుకుని, ముక్కలు పెద్దవి వేయమంది.

మొన్న ఆదివారం వంజరం పులుసు కొట్టాయనకు కూడా పంపాం. ఖాళీ గిన్నె కడిగి తెచ్చిచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు. ఏదో అడగాలని, అడగలేక ఫోను తీసి నా ముందు పెట్టాడు.

“మాది చీడికాడ అవతల కొత్తూరు టీచరమ్మా. ఈ ఫోన్లో సూడండి, కోతూరయిపోనాది.”

చూశాను. ఇంగ్లీషులోంచి తెలుగులోకి వచ్చేటప్పుడు ఒత్తు ఊడిపోయి, దీర్ఘం వచ్చిపడి, నిజంగానే కోతూరైంది.

“కోతులున్నాయేటి బావగారూ మీ ఊళ్లో?” లోపలి నుంచి మరదలు.

“ఉన్నాయి. అది వేరే సంగతి.”

ఆ ఊరి బోర్డు ఫొటో కావాలని చెప్పాను. దానికేం, ఇప్పుడే వెళ్దాం అన్నాడు. మరదలు అప్పటికే పొయ్యి కట్టేసి, తాళంచెవి చేతిలో ఆడిస్తూ గేటు దగ్గర ఉంది. ఆయన మోపెడ్ ముందు, మా స్కూటీ వెనక, చీడికాడ రోడ్డెక్కాం.