మంచుకొండల బూట్లతో ఎడారికి

ఆ రోజుల్లో నాకు కోపమొస్తే పూటతో పోయేది కాదు. వంట చేస్తుంటే గిన్నెల్లో వినిపించేది, తలుపు వేస్తుంటే గడియలో వినిపించేది. ఇప్పటి పిల్లలు కోపాన్ని ఫోన్లో స్టేటస్‌గా పెట్టేసి తెల్లారేసరికి మరచిపోతున్నారు. నేనలా కాదు, పాలు తోడువేసినట్టు దాన్ని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నకి గట్టిగా పేరబెట్టుకునేదాన్ని. పెళ్ళై కతార్ వచ్చిన కొత్త. దోహాలోని అబూ హమూర్‌లో ఒక గదీ ఒక వంటిల్లూ ఉన్న వాటాలో మా కాపురం. అలా పేరబెట్టుకున్న కోపాల్లో పెద్దది కొండలమీద నడక గురించి వచ్చింది.

మా ఆయన జూన్‌లో నన్ను జార్జియా తీసుకెళ్తానన్నారు. అమెరికాలోది కాదు, దోహాలో విమానమెక్కి ఒక సినిమా చూసి చిన్న కునుకు తీస్తే వచ్చేసే దేశం. అక్కడ మంచుకొండల మధ్య నడకదారి, దారికి రెండువైపులా నడుమెత్తు పూలు, అదృష్టముంటే రాళ్ళమీద కొండమేకలు. వీడియోలు చూసీ చూసీ ఆ దారిలో వాగు ఎక్కడ దాటాలో కూడా నాకు కంఠతా వచ్చేసింది. గోదావరి ఒడ్డున పుట్టి, కొండంటే రైలు కిటికీలోంచి చూడడమే తెలిసినదాన్ని. చీలమండల దాకా వచ్చే బూట్లు కొనుక్కుని, అలవాటు కోసం గదికీ వంటింటికీ మధ్య నడిచేదాన్ని (కింద వాటావాళ్ళు పైకొచ్చి, ఏమైనా రిపేర్లు జరుగుతున్నాయా అని మర్యాదగా అడిగి వెళ్ళారు).

ఫిబ్రవరిలో ఓ బుధవారం సాయంత్రం మా ఆయన ఆఫీసునుంచి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "జూన్‌లో ఎవరికీ సెలవు లేదట. ఆడిట్టట" అన్నారు.

"మీరేమన్నారు?"

"ఎస్ సార్ అన్నాను."

ఆ 'ఎస్ సార్' దగ్గర నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మేనేజరుకి మేం అర్జెంట్‌రావు అని పేరు పెట్టుకున్నాం (ఆయనది వేరే దేశం, తెలుగు ముక్క రాదు. ప్రతి పనీ అర్జెంటే గనక నామకరణం మేమే చేసేశాం). మా పెళ్ళినాడు తలంబ్రాల బియ్యం ఇంకా జుట్టులో ఉండగానే ఫోన్‌చేసి, ఏదో ఫైలు ఎక్కడుందని అడిగిన మనిషి. అప్పుడూ మా ఆయన పీటలమీంచే 'ఎస్ సార్' అన్నారు.

"ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కుదరదని చెప్పలేరా?"

"ఉద్యోగం కదా, ఎలా చెప్తాం?"

"అయితే ఆయన మెళ్ళోనే తాళి కట్టాల్సింది!" అనేసి, ఆ క్షణం నుంచి మాటలు మానేశాను.

గురువారమంతా మా ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి. నన్ను ప్రసన్నం చేసుకోడానికి మా ఆయన తన స్నేహితుడు జగిత్యాల అన్నని రంగంలోకి దింపారు. ఆయన దోహా బయట బిర్కత్ అల్ అవామిర్‌లో ఒక కార్మికుల క్యాంప్‌లో సూపర్‌వైజరు, కంపెనీ పికప్ ఆయన చేతిలో ఉండేది. నన్ను చెల్లె అన్నాడు గనక మా ఆయన ఆయనకి బావ అయిపోయారు. "మొన్న వానలు పడ్డయి చెల్లే, జిక్రీత్ దిక్కు ఎడారి నిండ పూలేనట. గుట్టలు సుత ఉన్నయి. జార్జియాల ఏమున్నది, సలి తప్ప?" అని ఫోన్ స్పీకర్లో ఊరించాడు. నేను గిన్నె ఒకటి ఎత్తి దబ్బున పెట్టాను. శుక్రవారం పొద్దున్న మాత్రం (ఇక్కడ వారపు సెలవు శుక్ర, శనివారాలు), ఒళ్ళు మంటెత్తిపోయి, ఆ మంచుకొండల బూట్లే వేసుకుని పికప్ ఎక్కాను. పులిహోర కూడా చేశాను, కావాలనే ఉప్పు వేయకుండా (అది నేనూ తినాలని అప్పుడు తోచలేదు).

జిక్రీత్‌లో దిగాక, రెండంతస్తుల మేడంత ఎత్తున్న తెల్ల సున్నపురాతి దిబ్బని చూపించి, "ఇదిగో కొండ" అన్నారు మా ఆయన. తర్వాత మోకాళ్ళమీద కూర్చుని, శనగగింజంత పసుపుపచ్చ పువ్వుని చూపించి, "ఇదిగో పువ్వు" అన్నారు. నేను ఆకాశం వైపు చూశాను. అంతలో ఓ బొరియలోంచి ముళ్ళతోక ఉడుము ఒకటి ఎండకి బయటికొచ్చింది. "ఏమనది చెల్లే, అది గడ్డి తింటది, పాపం" అని చెబుతూనే జగిత్యాల అన్న పికప్ వెనకభాగంలోకి ఎక్కేశాడు. ఇంకాసేపటికి ఎవరిదో ఒంటె తీరిగ్గా వచ్చి, మూత తీసిపెట్టిన పులిహోర డబ్బాలో మూతి పెట్టి, ఓ ముద్ద నమిలి, మొహం అదోలా పెట్టి వెళ్ళిపోయింది.

"ఉప్పు తక్కువైనట్టుంది" అన్నాడు జగిత్యాల అన్న.

మా ఆయన నవ్వారు. మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకుని నవ్వారు. నేను చరచరా నడిచి వెళ్ళిపోయాను.

కోపంలో బాగా నడుస్తాను. ఒక దిబ్బ దాటాను, ఇంకోటి దాటాను, వాననీళ్ళు ఇంకిపోయిన ఓ పల్లంలో కూర్చుని వెనక్కి చూస్తే అన్ని దిబ్బలూ ఒక్కలాగే ఉన్నాయి. నీళ్ళసీసా పికప్‌లో ఉండిపోయింది. ఫోను కూడా అక్కడే. నా చుట్టూ నేలనంటుకుని సన్నటి ఊదారంగు పూలు, చాప పరిచినట్టు. ఎంత బాగున్నాయో! వాటిమీదా కోపమొచ్చింది, ఇప్పుడా ఇంత అందంగా ఉండడం?

కాసేపటికి మా ఆయన నన్ను పేరుపెట్టి పిలవడం వినిపించింది. పలకలేదు. మాట్లాడనని పట్టుబట్టినదాన్ని, తప్పిపోయానని ఎలా మాట్లాడను? ఎండ నెత్తికెక్కుతోంది, నాలుక పిడచగట్టుకుపోతోంది. ఆ గొంతు దగ్గరికొస్తూ, మళ్ళీ దూరమవుతూ, బొంగురుపోతోంది. "చెల్లే, బావ మొకం సూడలేకపోతున్న, జర పలుకవే!" అని జగిత్యాల అన్న ఇంకోవైపు నుంచి బతిమాలుతున్నాడు. భయమూ వేస్తోంది, కోపమూ దిగడం లేదు.

అప్పుడు సరిగ్గా నా నెత్తిమీది దిబ్బపైన మా ఆయన ఫోను మోగింది.

"ఎస్ సార్" అన్నారు. నేను పళ్ళు కొరికాను. అవతల అర్జెంట్‌రావు ఏదో అడిగినట్టున్నాడు. తర్వాత తెలుగులో, ఆ దిబ్బ అదిరేలా, "ఫైలా? శుక్రవారంనాడు ఫైలా? ఇక్కడ నా పెళ్ళాం ఎడారిలో కనపడక నేను చస్తుంటే నీకు ఫైలు కావాలా? నీ ఆడిట్ తగలెయ్య! ఆ ఫైలు నెత్తిన పెట్టుకుని ఊరేగవయ్యా, పో!"

నేను లేచి నిలబడ్డాను.

"ఇంకొంచెం గట్టిగా తిట్టండి" అన్నాను కిందనుంచి.

మా ఆయన ఆ దిబ్బమీంచి సగం జారుతూ సగం దొర్లుతూ వచ్చారు. ఒళ్ళంతా సున్నం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వస్తూనే నామీద విరుచుకుపడ్డారు. "ఎక్కడ చచ్చావ్? నోరు పడిపోయిందా? గుండె ఆగిపోయింది నాకు!" నామీద అలా అరవడం అదే మొదలు. నేనూ ఊరుకోలేదు. ఉన్నవీ లేనివీ తవ్వి, జార్జియా నుంచి పెళ్ళిపీటల దాకా ఏకరువు పెట్టాను. మధ్యమధ్యలో ఇద్దరం కలిసి అర్జెంట్‌రావుని తిట్టుకున్నాం. జగిత్యాల అన్న రొప్పుతూ వచ్చి మా మధ్య సీసా పెట్టి, "ముందుగాల నీళ్ళు తాగున్రి, తర్వాత కొట్లాడున్రి" అన్నాడు.

ఆదివారం ఆఫీసులో మేనేజరు, ఆరోజు నువ్వేమన్నావని అడిగితే, "సిగ్నల్ సరిగ్గా లేదు సార్" అన్నారట. సెలవు మాత్రం రాలేదు. కానీ శుక్రవారాల ఫోన్లు ఆగిపోయాయి.

ఇప్పుడు కతార్‌లోనే అల్ వుకైర్‌లో ఉంటున్నాం. జార్జియా కూడా చూసొచ్చాం, పూలు నిజంగానే నడుమెత్తున్నాయి. మొన్న మళ్ళీ ఏదో ప్రయాణం అనుకుంటే ఆఫీసునుంచి వచ్చి, "కుదరదట" అన్నారు మా ఆయన. "సరే లెండి, వచ్చే ఏడు చూద్దాం" అని టీ పెట్టడానికి లేచాను. ఆయన వెనకాలే వంటింట్లోకొచ్చి, కాస్త బెంగగా, "తిట్టవా?" అన్నారు.

"ఓపిక లేదండీ" అన్నాను. ఇద్దరం నవ్వేశాం. టీ మరుగుతుంటే ఆ కొత్తపెళ్ళికూతురు గుర్తొచ్చింది. రెండ్రోజులపాటు అంత కోపాన్ని ఒక్కత్తీ మోయడానికి ఆ బక్కపిల్లకి ఎంత ఓపిక ఉండేదో!