పిలిచి కొట్టిన ఆదివారం

తెడ్డు ఫైబర్‌ది. పొడవు నాలుగున్నర అడుగులు, బరువు కిలో కంటే తక్కువ. నడుము లోతు నీళ్లలో నిలబడి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కుడి నుంచి ఎడమకు తిప్పి కొట్టాను. ఎదుటి మనిషి ముంజేతి ఎముక విరిగింది. చుట్టూ వందల మంది అరుస్తున్నా ఆ చప్పుడు నాకు వినిపించింది. ఆయన చేతిలోని విసురు వల తాడు జారిపోయింది. ఆయన తిట్టలేదు. ముందు తన చెయ్యి చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు.

నేను సముద్ర ఇంజనీరును. నీటి అడుగున తిరిగే చిన్న యంత్రాలకు సోనార్ అమర్చడం నా ఉద్యోగం. సోనార్ నీళ్లలోకి శబ్దాన్ని పంపి, తిరిగొచ్చిన దాన్ని బట్టి అడుగు ఎంత లోతుందో, మధ్యలో ఏముందో తెర మీద చూపిస్తుంది. మా ఊరు చిట్యాల. డిప్లొమా భూపాలపల్లిలో చదివాను. సముద్రాన్ని మొదటిసారి చూసేసరికి నాకు ఇరవై రెండేళ్లు.

మా వృత్తివాళ్లకు ఒక సంఘం ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లకు దాని కార్యవర్గంలో ఒక కుర్చీ కేటాయించారు. యువ ప్రతినిధి అంటారు. రెండేళ్ల పదవి. అందులో వచ్చేవి మూడు: కార్యవర్గంలో ఓటు, విద్యార్థి శాఖల బాధ్యత, వార్షిక సదస్సులో ఒక పూట కార్యక్రమం సొంతంగా నడిపే అవకాశం. నాకు కావలసింది నాలుగోది, అది ప్రకటనలో లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సమావేశంలో నేను మాట్లాడుతుంటే, కోస్తా నుంచి వచ్చిన ఇద్దరు నా యాసను అనుకరించారు. బల్ల చుట్టూ ఉన్న వాళ్లంతా నవ్వారు. ఆ రోజు నా వాక్యం పూర్తి కాలేదు. ఆ కుర్చీలో కూర్చుంటే పూర్తి చేయవచ్చని అనుకున్నాను.

అభ్యర్థులకు ఒక పరీక్ష పెట్టారు. ప్రతి ఒక్కరూ తన నాయకత్వంలో, జనం మధ్య, తన పనికి సంబంధించిన ఒక ప్రదర్శన జరిపి నివేదిక పంపాలి. మిగతావాళ్లు తీరప్రాంతాల్లో చేశారు. నేను సముద్రం లేని చోట చేస్తానన్నాను. దంతాలపల్లి దగ్గర అమ్మ పుట్టిన ఊళ్లో పెద్ద చెరువుంది. అక్కడి చేపల సొసైటీకి మా మేనమామే ప్రెసిడెంటు.

ఫోన్ చేస్తే మామ అన్నాడు: "చెర్వుల చేపల్ని టీవీల సూపెడ్తవా?"

"ఔ మామా."

"పట్టుడు గూడ అదే పడ్తదా?"

"పట్టదు."

"అయితే తే. మా పని మాకుంటది." మళ్లీ అడిగాడు: "గా ప్రెసిడెంటు పదవికి దావతేమన్న ఇయ్యాల్నా?"

"లేదు మామా. ఫారం నింపాలి."

"ఫారం నింపి ప్రెసిడెంటు అయినోన్ని నేను సూడలే అల్లుడా."

నేను పద్నాలుగు అంశాల జాబితా రాసుకున్నాను. లైఫ్ జాకెట్లు, తాళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, బ్యాటరీల చార్జింగు, వాతావరణం, మామ సంతకంతో అనుమతి, ఇలా. పద్నాలుగింటికీ టిక్కు పెట్టాను. ఏడో అంశం ప్రచారం. పోస్టర్ నేనే తయారు చేశాను. పైన చెరువు పేరు, కింద తెర మీద చేపల గుంపు బొమ్మ. "ఆదివారం ఉదయం ఏడు గంటలకు. చేపలను కళ్లారా చూడండి. అందరూ రావచ్చు." దాన్ని చుట్టుపక్కల మండలాల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను.

మా వైపు చెరువులకు ఒక ఆనవాయితీ ఉంది. ఎండాకాలం చివర నీళ్లు తగ్గాక, చేపపిల్లలు పోసిన సొసైటీ వాళ్లు ముందు తమ వలలు వేసుకుంటారు. వాళ్ల పని అయిపోయాక ఒక రోజు చెరువు వదిలేస్తారు. ఆ రోజు ఎవరైనా దిగవచ్చు, దొరికింది దొరికినవాళ్లదే. దాన్ని లూటీ అంటారు. ఒకప్పుడు డప్పు కొట్టి చెప్పేవాళ్లు, ఇప్పుడు ఫోన్లో చెబుతారు. చెప్పేది మూడే ముక్కలు: ఏ చెరువు, ఏ పొద్దు, అందరూ రావచ్చు. నా పోస్టర్‌లో ఆ మూడూ ఉన్నాయి. చిన్నప్పుడు నేనే రెండు లూటీలకు పోయాను. అయినా పోస్టర్ చేస్తున్నప్పుడు అది గుర్తు రాలేదు. పైగా ఆ ఏడాది సొసైటీ వాళ్లు ఇంకా ఒక్క వల కూడా వేయలేదు.

ఆదివారం ఆరున్నరకే కట్ట మీద బండ్లు నిండాయి. ఆటోలు, ట్రాక్టర్లు కూడా వచ్చాయి. నాకు సాయంగా వచ్చిన అమ్మాయిది నర్మెట్ట. నా కంపెనీలోనే జూనియర్. యంత్రాన్ని జనగామ స్టేషన్ నుంచి కారులో తెచ్చింది తనే. కట్ట మీద తెర పెట్టుకుని కూర్చున్నదల్లా లేచి నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, వీళ్లు సూడనీకి రాలే. అందరి చేతుల్ల వలలున్నయి."

నేను మైకు తీసుకుని ఇది సాంకేతిక ప్రదర్శన అని చెప్పాను. కింద నుంచి ఒకాయన, "సాంకేతికం జర పక్కకు జరుపు తమ్మీ, తొవ్వకు అడ్డమున్నది" అన్నాడు. చుట్టూ నవ్వారు. ఏడు గంటలకు అందరూ నీళ్లలో ఉన్నారు.

ఏడుంబావుకు సొసైటీ వాళ్లు కట్టెలతో వచ్చారు. మొదటి దెబ్బ ఎవరు వేశారో నేను చూడలేదు. చూసినవి ఇవి: ఒకరి చెవి చీలి నెత్తురు మెడ దాకా కారడం, వల వదలని ఒక ఆడమనిషిని జుట్టు పట్టి ఒడ్డుకు లాగడం, తూము గోడ మీద నుంచి రాళ్లు రావడం, కింద పడ్డ ఒక మనిషిని నలుగురు తొక్కి ముఖం బురదలో అదమడం. ఆయన కాళ్లు కొట్టుకుని ఆగిపోతాయేమో అనుకున్నాను. ఎవరో రెక్క పట్టి లేపారు. మామ మధ్యలో నిలబడి రెండు వైపులా తోస్తూ, "ఆగుండ్రి, సస్తరు" అంటున్నాడు. ఆయన వీపు మీద కట్టె విరిగింది. నీళ్ల అడుగున నా యంత్రం ఇంకా పని చేస్తూనే ఉంది. తెర మీద చేపలు చెదిరి పారిపోవడం కనిపిస్తూనే ఉందని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది.

అప్పుడు ఒక మనిషి వల నా యంత్రం మీద పడింది. ఆయన లాగుతున్నాడు. యంత్రం కేబులు బిగుసుకుంది. ఒంటి మీది నారింజ రంగు లైఫ్ జాకెట్‌తోనే, మా రబ్బరు పడవ తెడ్డు తీసుకుని దిగాను, కొట్టాను. ఆయన ఎవరితోనూ కొట్లాడటం లేదు. తన వలను విడిపించుకుంటున్నాడు, అంతే.

గాయపడ్డవాళ్లు పదకొండు మంది. కుట్లు పడింది ఐదుగురికి. ఎముక విరిగింది ఒక్కరికే.

మధ్యాహ్నం ఠాణాలో మామ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అంగీ వీపు చిరిగి ఉంది. "చెయ్యి ఇరగ్గొట్టింది ఎవరని ఎస్సై అడిగిండు. నేనే అన్న" అన్నాడు.

"ఎందుకు మామా?"

"మెల్లగ మాట్లాడు. నీకు నౌకరి ఉన్నది. మీ ఇంజనీర్ల సంఘంల పదవి గూడ రావాలె. ఇంటికి పో."

ఠాణా గేటు దగ్గర సొసైటీ మనిషి ఒకాయన బీడీ ముట్టించుకుంటూ అన్నాడు: "కేసైతే మీ మామను దించుతరు. ఆయన ప్రెసిడెంటయినంక ఈ చెర్వుల కొట్లాట కాలే. ఇదే మొదలు."

మర్నాడు సాయంత్రంలోగా నివేదిక పంపాలి. నర్మెట్ట అమ్మాయి కారులో కూర్చుని ఫారం తెరిచింది. అందులో రెండు గడులు మిగిలాయి: ప్రమాదానికి కారణం, గాయాలకు బాధ్యులు.

"స్థానిక గొడవ అని రాస్తే అబద్ధమేం కాదు అన్నా. రెండో గడి ఖాళీ ఇడ్సిపెడ్దాం."

రాయమన్నాను. రాసింది. పంపే ముందు మానుకోట దవాఖానకు పోదామన్నాను.

ఆ మనిషి చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య. నేను మామ తరఫున వచ్చానని మొదలుపెట్టాను.

"మీ మామ నన్ను ముట్టనే లేదు" అన్నాడాయన. "నారింజ రంగు జాకెట్ ఏసుకున్నోడు కొట్టిండు. గది నువ్వే."

"మరి పోలీసులకు చెప్పలేదేం?"

"మీ మామ నేనే అంటుంటే, కాదని నేనెట్లంట? ఆయన పెద్దమనిషి."

భార్య ఫోన్ తీసి నా ముందు పెట్టింది. తెర మీద నా పోస్టర్. "గిది పంపింది నువ్వేనట గద?" అంది. "అందరూ రావచ్చని పిలిస్తివి. వచ్చినం. పిలిచి కొడ్తరా కొడుకా? మీ దిక్కు గట్లనే ఉంటదా?"

పద్నాలుగు అంశాలలో దేని కిందా ఆ ప్రశ్న లేదు.

బయటికి వచ్చి కారులో మొదటి గడి చెరిపేసి, రెండూ నేనే నింపాను. కారణం: నేను తయారు చేసిన పోస్టర్. బాధ్యుడు: నేను, ప్రమాదవశాత్తు కాదు, కోపంతో. పంపాను. తర్వాత ఠాణాకు పోయి ఎస్సైకి అదే చెప్పాను. సాయంత్రం మామను వదిలారు. గేటు దాటగానే మామ ఆగి, నా చెంప మీద కొట్టాడు. చెవిలో గుయ్యిమంది.

"నేను మోసేదాన్ని నన్ను మొయ్యనియ్యవా?" అన్నాడు. బండి ఎక్కి, వెనక సీటు తుడిచి, "ఎక్కు" అన్నాడు. ఎక్కాను.

సంఘం నుంచి ఉత్తరం మూడు వారాలకు వచ్చింది. నా అభ్యర్థిత్వాన్ని పరిగణించలేమన్నారు. అయితే నివేదికలోని నిజాయితీ తమకు నచ్చిందట. సదస్సులో యువ నాయకుల కోసం జరిగే పూటలో ఇరవై నిమిషాలు మాట్లాడమని అడిగారు. ఆ రోజే మానుకోట కోర్టులో నా వాయిదా. రాలేనని, ఎందుకు రాలేనో రాశాను.

కోర్టు వరండాలో ఒకటే బల్ల ఉంది. ఆ చివర ఆయన, ఈ చివర నేను. ఆయన చెయ్యి అతికింది కానీ పూర్తిగా తిరగడం లేదు. ఆయనే అడిగాడు.

"గా మిషిన్ల చేపలు నిజంగనే కనవడ్డయా?"

"కనబడ్డయి."

"ఏడ?"

"తూముకు ఎడమ పక్కన. మీటరున్నర లోతుల, పెద్ద గుంపు."

ఆయన తల ఊపాడు. "నాకెరుకే" అన్నాడు. "వల ఆడనే ఏసిన."